లా లహమ్, లా దజాజ్!

మన తెలుగు సినిమాల్లో దుబాయ్, మస్కట్ అన్న మాట వినపడగానే విలన్ గారి సూట్‌కేసు తెరుచుకుంటుంది. లోపల వరసగా బంగారు బిస్కెట్లు ధగధగలాడుతుంటాయి. 1996లో మస్కట్‌లో దిగిన మొదటి వారం నేను కూడా బిస్కెట్ల కోసమే తెగ తిరిగాను. కాకపోతే నాక్కావలసింది బంగారపు బిస్కెట్టు కాదు, గుడ్డు కలపని బిస్కెట్టు!

నవ్వకండి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాంసం, కోడి, చేప, గుడ్డు - ఈ నాలుగూ ముట్టనివాణ్ణి. పైగా కార్తీక సోమవారాలు పగలంతా ఉపవాసం. రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ ఇదొక నియమమని కూడా నాకు తోచలేదు. ఇంట్లో అందరూ అంతే, వీధిలో సగంమంది అంతే. ఊళ్ళో ఉన్నంతకాలం అలవాటుగా ఉన్నది, సముద్రం దాటేసరికి నియమం అయి కూర్చుంటుంది. ఎందుకంటే అక్కడ దాన్ని నోరు తెరిచి చెప్పుకోవాలి. అదీ పరాయి భాషలో, కడుపు కాలుతుండగా, సర్వరు పెన్సిలు పట్టుకుని నెత్తిమీద నుంచుని ఉండగా!

బయల్దేరేటప్పుడు మా అమ్మ అడిగింది, ''ఒరే, అది తురకల దేశం కదా, అక్కడ నీకు గుప్పెడు అన్నం ఎవరు పెడతార్రా?'' అని. ఆవిడ ప్రశ్నకి జవాబు తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ జవాబే ఇవాళ మీతో చెప్పాలని.

* * *

ముందు భాష సంగతి చూద్దాం. గల్ఫ్‌కి కొత్తగా వచ్చిన ప్రతి శాకాహారికీ స్నేహితులు మొదట నేర్పే మాట 'బిదూన్ లహమ్'. అంటే మాంసం లేకుండా అని. మాట వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. హోటల్లో కూర్చుని దర్జాగా 'బిదూన్ లహమ్' అంటాం. సర్వరు తలూపి లోపలికెళ్ళి, పొగలు కక్కే పలావు తెచ్చి పెడతాడు. దాని నెత్తిమీద కోడి కాలు!

నాకు తెచ్చినతను బంగ్లాదేశ్ కుర్రాడు. ఇదేమిటయ్యా అంటే, ఆ కుర్రాడి మొహంలో కల్లాకపటం లేదు. ''సాబ్, ఇందులో గోష్ట్ లేదు. చికెనే కదా!'' అన్నాడు. అతని మాటా నిజమే. అక్కడి హోటల్ భాషలో లహమ్ అంటే మేక, గొర్రె, ఆవు, ఒంటె. కోడి వేరే జాతి, దాని పేరు దజాజ్. చేప ఇంకో జాతి, దాని పేరు సమక్. గుడ్డు బైద్. ఒక్కొక్కదానికీ విడివిడిగా వీడ్కోలు చెప్పాల్సిందే.

అందుకని నేనొక మంత్రం కట్టుకున్నాను. ''లా లహమ్, లా దజాజ్, లా సమక్, లా బైద్.'' లా అంటే వద్దు, లేదు అని. సంధ్యావందనం తప్పినా ఈ నాలుగు 'లా'ల మంత్రం మాత్రం పాతికేళ్ళకు పైగా తప్పలేదు. తర్వాత్తర్వాత అయిదో 'లా' కూడా చేర్చాను - 'లా మరగ్'. మరగ్ అంటే మాంసం ఉడికించిన రసం. ఎర్ర కందిపప్పుతో చేసే 'షోర్బత్ అదస్' అనే చారు ఉంటుంది. చూడ్డానికి అచ్చం మన పప్పుచారే, నిమ్మకాయ బద్ద కూడా పక్కనే పెడతారు. కానీ కొన్ని వంటిళ్ళలో దాన్ని కోడి రసంలో కాస్తారు. అడగందే తెలీదు. అన్నం కూడా అంతే. ముక్క తీసేసి ఇచ్చినా, మెతుకు ఉడికింది ఆ రసంలోనే.

ఇక మారువేషాలు. మన సినిమాల్లో హీరో బుగ్గమీద ఒక పుట్టుమచ్చ అంటించుకోగానే విలన్‌కి గానీ, విలన్ గారి అనుచరులు పదిమందికి గానీ ఆనవాలు దొరకదు కదా! అట్లాంటి మచ్చ పెట్టుకున్న వంటకం అక్కడ హరీస్. తెల్లగా, మెత్తగా, పైన నెయ్యి వేసి, గోధుమరవ్వ ఉప్మా జారుగా చేసినట్టుంటుంది. గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి, పోగు కూడా మిగలకుండా మెదిపేస్తారు. చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. మన హైదరాబాదు హలీమ్‌కి ఇదే మూలపురుషుడు. నిజాముల కాలంలో యెమెన్ వైపు నుంచి సైన్యంలోకి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు ఈనాటికీ అక్కడ హరీస్ వండుతున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు వేషం ఇంకొకటుంది. ద్రాక్ష ఆకుల్లో అన్నం కూరి చుట్టే చుట్టలు. మాంసం కూరినవీ ఉంటాయి, బియ్యం, టమాటా, ఆకుకూరలు మాత్రమే కూరినవీ ఉంటాయి. మాంసం లేనివాటి పేరు 'యాలంజీ'. ఈ మాట టర్కీ భాషలోంచి వచ్చింది. అర్థం ఏమిటనుకున్నారు? అబద్ధాలకోరు! లోపల మాంసం ఉన్నట్టు నటిస్తుందిట, అందుకని ఆ పేరు. ఆ దేశాల్లో నా పాలిట అందరికన్నా నిజాయితీపరుడు ఈ అబద్ధాలకోరే. మెనూలో ఆ పేరు కనిపిస్తే చాలు, ప్రాణం లేచివస్తుంది.

* * *

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అరబ్బు బల్లమీద శాకాహారికి ఏమీ ఉండదనుకోవడం ఒట్టి అపోహ. లెబనాన్, సిరియా పద్ధతి హోటల్లో కూర్చుంటే అసలు భోజనానికి ముందు చిన్న చిన్న గిన్నెలతో బల్ల నింపేస్తారు. శెనగలు ఉడికించి నువ్వుల ముద్దతో నూరింది హమ్మస్. శెనగలు నానబెట్టి రుబ్బి నూనెలో వేయించింది ఫలాఫెల్. మన మసాలా వడకి మేనత్త కొడుకు. నిప్పులమీద వంకాయ కాల్చి, తొక్క తీసి, నువ్వుల ముద్దా నిమ్మరసమూ కలిపింది ముతబ్బల్. మొదటిసారి అది నోట్లో పెట్టుకున్నప్పుడు, ''అరె, కాల్చిన వంకాయ పచ్చడి! చింతపండు బదులు నిమ్మకాయ పిండారంతే!'' అనుకున్నాను. పక్కన సెగలు కక్కే రొట్టె. ఇంకేం కావాలి?

అయితే రోజూ పచ్చళ్ళతో కడుపు నింపుకోలేం కదా. దానికి రువి ఉంది. రువి అంటే మస్కట్‌లో మనవాళ్ళ మద్రాసు మౌంట్‌రోడ్డు అనుకోండి. ఉడిపి ఇడ్లీ, గుజరాతీ థాలీ, తమిళ మీల్స్, మలయాళీ పుట్టు, అన్నీ అక్కడే. నేను వెళ్ళిన కొత్తలో గురు, శుక్రవారాలు సెలవు. (2013 మే నుంచి అది శుక్ర, శనివారాలకి మారింది.) సెలవు వస్తే గుండ్రటి డబ్బాలా ఉండే స్టార్ సినిమా హాల్లో ఏ భాష సినిమా ఆడితే ఆ భాష సినిమా చూడటం, బయటికొచ్చి దోసె తినడం మా బ్రహ్మచారుల కార్యక్రమం. మలయాళం సినిమా చూసి ఒక్క ముక్క అర్థంకాక, తిన్న దోసెతో టికెట్టు డబ్బులు గిట్టించుకున్న రాత్రులెన్నో!

ఈ ఊళ్ళో శాకాహారం మనవాళ్ళతో మొదలవలేదు. కచ్ ప్రాంతంలోని మాండ్వి రేవు నుంచి భాటియా వర్తకులు తరాల కిందటే ఓడలెక్కి మస్కట్ చేరారు. వైష్ణవులు, శాకాహారులు. ఖిమ్జీ రామ్‌దాస్ సంస్థ 1870లో మొదలైంది. ఆ కుటుంబంలోని కనక్‌సీ ఖిమ్జీ గారికి సుల్తాన్ ఖాబూస్ 'షేక్' బిరుదునిచ్చారు. హిందువుకి షేక్ బిరుదు! ఆయన 2021లో కన్నుమూశారు. పాత మస్కట్‌లో రాజభవనానికి దగ్గర్లోనే శివాలయం ఉంది. దర్సైత్‌లో కృష్ణ మందిరం ఉంది. 1970 దాకా మస్కట్ రేవులో రూపాయలే చెల్లేవి. ఇప్పటికీ ఒమన్ రియాల్‌కి వెయ్యి 'బైసా'లు. మన పైసాయే ఆ బైసా. వర్తకుల మూటల్లో రూపాయి వెళ్ళిన దారినే పప్పూ బియ్యమూ కూడా వెళ్ళాయి. మా అమ్మ బెంగపడిన ఊళ్ళో మా తాత పుట్టకముందే ఎవరో గుప్పెడు పప్పన్నం వండుకుని తిన్నారన్నమాట.

* * *

అసలు రహస్యం నాకు చెప్పింది మాత్రం ఒక ఈజిప్టు వంటాయన. అతని హోటల్లో నేను ఎప్పటిలా నాలుగు లాల మంత్రం చదువుతుంటే లోపల్నుంచి వచ్చి, చెయ్యి అడ్డంపెట్టి, ''సియామీ?'' అన్నాడు. నాకర్థం కాలేదు. విడమరిచి చెప్పాడు. ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులున్నారు. వాళ్ళకి ఏడాదిలో రెండొందల రోజులకి పైగా ఉపవాస దినాలే. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ తాకరు. ఆ తిండిని 'సియామీ' అంటారు, ఉపవాసపు వంట అని. ఈజిప్టులో ప్రతి వంటవాడికీ ఆ మాట తెలుసు, అతను ముస్లిమైనా సరే. (కొన్ని ఉపవాసాల్లో వాళ్ళకి చేప చెల్లుతుంది. కాబట్టి 'లా సమక్' మాత్రం వదలకండి!)

ఆ ఒక్క మాటతో నాకు తలుపు తెరుచుకున్నట్టయింది. అంతవరకు నేను 'నాకు మాంసం వద్దు' అంటున్నాను. వద్దు అంటే వినేవాడికి ఏమనిపిస్తుంది? ఇష్టం లేదేమో, అరగదేమో, డాక్టరు వద్దన్నాడేమో అనిపిస్తుంది. ఇష్టం లేనివాడికి ఇంకాస్త రుచిగా వండిపెడితే మారుతాడనుకుంటారు. బతిమాలుతారు. 'ఒక్క ముక్క, నా కోసం' అంటారు. అది వాళ్ళ మర్యాద, తప్పు పట్టలేం.

అదే, 'ఇది మా ఇంటి నియమం. నాకు ఇది హరామ్' అన్నామనుకోండి. మాట అక్కడితో ఆగిపోతుంది. బతిమాలడం ఉండదు, వెక్కిరింత ఉండదు. చెయ్యి గుండెమీద పెట్టుకుని 'ఖలాస్' అంటారు. ఎందుకంటే అటువైపు వాడికి కూడా హరామ్ ఉంది. విమానంలో అతనూ ట్రే మూత ఎత్తి ఇందులో పంది కొవ్వు ఉందా, సారా కలిసిందా అని అడిగేవాడే. పరాయి దేశం వెళితే సందు సందునా తిరిగి హలాల్ హోటల్ వెతుక్కునేవాడే. ఏది పడితే అది తినేవాడికన్నా, ఏదో ఒకటి తినకూడదనుకున్నవాడికే తినకూడదనుకునేవాడి బాధ తెలుస్తుంది. ఇది నాకు లండన్ నుంచో పారిస్ నుంచో వచ్చిన అధికారులతో డిన్నర్లకి వెళ్ళినప్పుడు మరీ బాగా తెలిసింది. వాళ్ళు 'ఎందుకు? ఎప్పట్నుంచి? ప్రొటీను సంగతేమిటి?' అని భోజనమంతా ప్రశ్నలే. ఒమనీ అడిగేది ఒకటే ప్రశ్న - ''అయితే ఏం తింటావు?''

* * *

2003 సంగతి చెప్పాలి. ఆ ఏడాది కార్తీకమాసమూ రంజాన్ మాసమూ దాదాపు ఒకేసారి నడిచాయి. రెండూ చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టేవే. మనం మూడేళ్ళకోసారి అధికమాసం కలిపి కార్తీకాన్ని చలికాలంలోనే పట్టి ఉంచుతాం. వాళ్ళు కలపరు. అందుకని రంజాన్ ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. ఆ చుట్టులో అప్పుడు రెండూ ఎదురుపడ్డాయి.

రంజాన్‌లో అక్కడ పగటిపూట నలుగురూ చూసేచోట తినడం, తాగడం చట్టరీత్యా నేరం. 2018 నాటి ఒమన్ శిక్షాస్మృతి ప్రకారం పదిరోజుల నుంచి మూడు నెలల దాకా జైలు. మతం ఏదైనా సరే. మామూలుగా మేం ఆఫీసులో తలుపేసుకుని గబగబా రెండు ముద్దలు మింగేవాళ్ళం. ఆ కార్తీక సోమవారాలు మాత్రం నేను తలుపు వెయ్యలేదు. మా అకౌంట్సు విభాగంలో నా పక్క బల్ల ఒమనీ మిత్రుడు రెండు సోమవారాలు గమనించాడు. అతనికి హిందీ వచ్చు, మస్కట్‌లో చాలామందికి వచ్చు.

''ఏం భాయ్, నువ్వూ రోజా ఉన్నావా?'' అన్నాడు.

చెప్పాను. సోమవారం, శివుడు, పగలంతా ఏమీ తినం, సాయంత్రం ఆకాశంలో చుక్క కనపడ్డాక భోంచేస్తాం అని.

కాసేపు ఆలోచించాడు. ''అయితే వచ్చే సోమవారం మా ఇంటికి రా,'' అన్నాడు.

నా గుండెలో రాయి పడింది. హోటల్ వేరు, ఇల్లు వేరు. హోటల్లో డబ్బిచ్చి తింటాం, అడిగే హక్కుంటుంది. ఇంట్లో పెట్టింది తింటాం. అందులోనూ ఒమనీల ఇంట్లో ఎవరి కంచం వారికి ఉండదు. నేలమీద చాప పరిచి, మధ్యలో ఒకటే పెద్ద పళ్ళెం పెడతారు. పళ్ళెం నిండా అన్నం, అన్నం మీద మాంసం. చుట్టూ అందరూ కూర్చుని, కుడిచేత్తో ఎవరి వైపు నుంచి వాళ్ళు తింటారు. నేలమీద కూర్చోవడం, కుడిచెయ్యి, ముందు చేతులు కడుక్కోవడం అన్నీ మనలాగే. ఆ ఒక్క పళ్ళెం దగ్గరే వస్తుంది చిక్కు. ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టకపోవడమంటే వంటకాన్ని వద్దనడం కాదు, పక్కన కూర్చున్నవాళ్ళని వద్దన్నట్టు. ఏడేళ్ళుగా పక్కపక్కన కూర్చుని పనిచేస్తున్న మనిషి. వెళ్ళకపోతే ఒక తప్పు, వెళ్ళి తినకపోతే పదింతల తప్పు. ''ఏమండీ, జ్వరమని చెప్పేయండి'' అంది మా ఆవిడ. అబద్ధం చెప్పి ఉపవాసం ఏమిటని వెళ్ళాను.

సూర్యుడు కొండల వెనక్కి దిగాడు. అజాన్ వినిపించింది. వాళ్ళు ఖర్జూరం నోట్లో వేసుకుని, మంచినీళ్ళు తాగి నమాజుకి లేచారు. నేను వాకిట్లోకి వచ్చి ఆకాశం వంక చూస్తూ నుంచున్నాను. చుక్క ఇంకా రాలేదు. వాళ్ళ నమాజు అయ్యేసరికి పడమట ఒకటి మినుకుమంది. ఆయన బయటికి వచ్చి, ''నీ చుక్క వచ్చిందా?'' అని తనే ముందు చూసి వేలు పెట్టి చూపించాడు.

లోపల చాపమీద పెద్ద పళ్ళెం ఉంది, నేను భయపడినట్టే. దానికి ఆనుకుని ఇంకో చిన్న పళ్ళెం ఉంది. అందులో తెల్లన్నం. పక్కన గిన్నెలో కొబ్బరిపాలలో ఉడికించిన గింజలు. వాసన చూడగానే నాకు అనుమానం వచ్చింది, నోట్లో పెట్టుకోగానే రూఢి అయింది. కందులు! సాక్షాత్తు మన కందులు! దాన్ని వాళ్ళు 'ఎంబాజీ' అంటారు. ఆయన తల్లి జాంజిబార్‌లో పెరిగినావిడ. ఒమన్ సుల్తానులు ఒకప్పుడు ఆ దీవిని ఏలారు. 1964లో అక్కడ విప్లవం వచ్చాక ఎన్నో అరబ్బు కుటుంబాలు ఒమన్‌కి తిరిగొచ్చాయి. వస్తూ వస్తూ స్వాహిలీ భాషనీ, కొబ్బరిపాల వంటనీ తెచ్చుకున్నాయి. మాంసం తగలని కూర ఏమిటా అని ఆవిడ మూడు రోజులు ఆలోచించి, చిన్నప్పటి వంట గుర్తు తెచ్చుకుందిట. గరిటె కూడా వేరే వాడిందిట.

పరదా పక్కనుంచి ఆవిడ కొడుకుతో ఏదో అంది. ఆయన నవ్వుతూ నాకు హిందీలో చెప్పాడు. ''మా అమ్మ అంటోంది, సోమవారం ఉపవాసం మంచిదేనట. మా ప్రవక్త కూడా సోమవారం, గురువారం ఉపవాసం ఉండేవారు.''

నేనేం మాట్లాడగలను? ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, తన పెద్ద పళ్ళెం వైపు కాకుండా నా చిన్న పళ్ళెం దగ్గర కూర్చున్నాడు. మొదటి నాలుగు ముద్దలు నాతోపాటు కందులే తిన్నాడు. ఆ తర్వాతే అటు తిరిగాడు. ఆ నాలుగు ముద్దల మాట ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

* * *

మర్యాదకి మర్యాద తీర్చాలి కదా. మరుసటి ఏడాది వినాయకచవితికి వాళ్ళని భోజనానికి పిలిచాం. శాకాహారి ఇంటికి ముస్లిం అతిథి వస్తే ఒక సుఖం ఉంది. హలాలా కాదా అని ఆయన అడగక్కర్లేదు, మనం చెప్పక్కర్లేదు. నన్ను హోటల్ హోటలూ తిప్పిన నియమమే నా గుమ్మంలో ఆయనకి భరోసా అయింది. అలా అనుకుని నేను నిశ్చింతగా ఉండగా ముందురోజు ఫోను చేశాడు.

''భాయ్, ఏమనుకోకు. మీ పూజలో దేవుడి ముందు పెట్టినది నేను తినకూడదు. అది కాకుండా ఏదైనా ఉంటుందా?''

చూశారా తమాషా! ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టాక ఆయన తినకూడదు. నైవేద్యం పెట్టకముందు మేం ఎవరికీ పెట్టకూడదు. ఈ ముడి ఎట్లా విప్పుతారు? పండితులైతే పుస్తకాలు తిరగేసేవారేమో. మా ఆవిడ మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, ''దానికేముందండీ, రెండో పొయ్యి ఖాళీయే కదా! పూజ అయ్యాక వేరే గిన్నెలో వాళ్ళకోసం మళ్ళీ వండుతాను. దేవుడి దగ్గర పెట్టను, అంతే'' అంది.

అలాగే వండింది. ఆ పూట మా బల్లమీద రెండు గిన్నెల్లో ఉండ్రాళ్ళు. పిండి ఒకటే, ఆవిరి ఒకటే. ఎవరి గిన్నె వారికి తెలుసు. వాళ్ళ అమ్మగారు నాలుగు తిని, చేసే విధానం అడిగి తెలుసుకుంది. పోయినేడు ఆవిడ వేరే గరిటె వాడింది, ఈ ఏడు మా ఆవిడ వేరే గిన్నె పెట్టింది. లెక్క సరిపోయింది. అకౌంటెంటుని కదా, నాకు లెక్క సరిపోతేనే నిద్ర పడుతుంది.

* * *

ఇదంతా చదివి, 'ఆఫీసులో కూర్చునేవాడివి, ఇల్లూ పొయ్యీ ఉన్నవాడివి, నీకేం బాబూ' అని మీరనవచ్చు. నిజమే. కడప నుంచి, కరీంనగర్ నుంచి, కోనసీమ నుంచి వచ్చి క్యాంపుల్లో ఉండే మనవాళ్ళకి మెనూ కార్డు ఉండదు. మెస్సులో ఏ రోజు ఏది వండితే అదే. ఒక క్యాంపులో కడప డ్రైవరు ఒకతను అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. కంపెనీ యూనిఫారం లోపల మాల, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం. సాంబారు రోజూ ఉండేది, తిండికి లోటు లేదు. కానీ కోడికూరలో పెట్టిన గరిటే సాంబారులో పెట్టేవాళ్ళు. మూడొందలమందికి వడ్డించే చోట గరిటె కడిగే తీరిక ఎవరికి?

అతను గొడవ చెయ్యలేదు. రువి బజారుకి వెళ్ళి ఒక స్టీలు గరిటె కొన్నాడు. మెస్సు వంటాయన మలయాళీ. అతని దగ్గరికి వెళ్ళి, ''చేట్టా, ఇది స్వామి గరిటె. సాంబారుకి ఇదొక్కటే వాడు సామీ'' అన్నాడట. ఆ చేట్టన్ గోడకి విడిగా ఒక మేకు కొట్టి దానికి తగిలించాడు. దీక్ష అయిపోయింది, మాల తీసేశాడు, డ్రైవరు మళ్ళీ కోడి తింటున్నాడు. గరిటె మాత్రం మేకు మీదే ఉంది. సోమవారాలవాళ్ళు, శనివారాలవాళ్ళు, అసలే తిననివాళ్ళు దానితోనే వడ్డించుకుంటున్నారు. నేను చూసిన శాకాహార ఉద్యమాల్లోకెల్లా గొప్పది ఆ గరిటె.

* * *

ఇక ప్రయాణానికి సిద్ధంగా ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు. పచ్చళ్ళు, పొడులు సరిగా సీలు వేయించి తీసుకెళ్ళండి. గసగసాలు మాత్రం వద్దు. యు.ఎ.ఇ., సౌదీల్లో అవి మత్తు పదార్థాల కింద నిషేధం. కుర్మా పొడిలో కలిసినా చిక్కే. మిఠాయి పొట్లం మీద హలాల్ అని ఉన్నంతమాత్రాన శాకాహారం కాదు. అందులో జెలటిన్ ఉంటే అది హలాల్ చేసిన పశువు ఎముకల్లోంచి, తోలులోంచి వచ్చింది కావచ్చు. మన దేశంలో 2001 నుంచి ఉన్న ఆకుపచ్చ చుక్క మనవైపు నుంచి వెళ్ళిన సరుకుల మీదే కనిపిస్తుంది. ఒమనీ హల్వా మాత్రం గుడ్డు కలపలేదని అడిగి తెలుసుకుని తినండి. పంచదార, పిండి, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, గింజపప్పులు. మన కాకినాడ కాజాకి దీటైనది.

నాలుగు లాల మంత్రం కంఠతా పట్టండి. అంతకన్నా ముఖ్యం, మీ నియమాన్ని నియమంగా చెప్పండి. సిగ్గుపడుతూ గొణగద్దు, గొప్పగా ఎదుటివాడి కంచం వంక మొహం చిట్లించద్దు. 'మాయాబజార్' (1957)లో ఎస్.వి.రంగారావు గారి ఘటోత్కచుడు ఒక్కడే కూర్చుని పెళ్ళివారి పిండివంటలన్నీ ఖాళీ చేస్తాడు చూడండి. రాక్షసుడు తిన్న భోజనం అది, అయినా అందులో ముక్క మాంసం లేదు! తినే వస్తువుని బట్టి మనిషి రాక్షసుడు అవడు, దేవుడూ అవడు. పక్కవాడికి చోటు ఇచ్చాడా లేదా అన్నదే చూడాలి.

మా అమ్మకి ఆ కందుల సంగతి ఫోనులో చెప్పాను. అంతా విని, ''ఆవిడ తిరగమోతలో ఇంగువ వేసిందా?'' అంది. వెయ్యలేదన్నాను. ''ఈసారి వచ్చినప్పుడు నాలుగు డబ్బాలు పట్టుకెళ్ళి ఇయ్యి'' అంది. పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ తర్వాత గుప్పెడు అన్నం సంగతి ఆవిడ మళ్ళీ అడగలేదు.

చివరగా ఒక్క మర్యాద నేర్చుకుని వెళ్ళండి. ఎవరింటికి వెళ్ళినా చిన్న గిన్నెలాంటి కప్పులో కహ్వా పోస్తారు. పాలు లేని కాఫీ, యాలకుల ఘుమఘుమ. మీరు తాగుతున్నకొద్దీ పోస్తూనే ఉంటారు. చాలు అని నోటితో ఎన్నిసార్లన్నా మొహమాటం అనుకుంటారు. దానికి పద్ధతి వేరు. ఖాళీ కప్పుని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కాస్త ఊపాలి. కడుపు నిండింది, మనసూ నిండింది, ఇక చాలు అని అర్థం.

నేనూ కప్పు ఊపుతున్నాను. ఉంటానండి.